బోర్డు మీద 219, బస్సేమో 218: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, దోమల మందు, వినాయక చవితి లెక్కలు విడిగా పంపాం, చూసుకోండి. ఈ నివేదికలో ఎక్కువ చోటు బస్సు బోర్డులకే పోయింది. ఏడాదంతా మా తిరుగుడు కూడా వాటి కోసమే.

మన స్టాపులో జనం ఎక్కువగా ఎక్కేది 218, 219. రెండూ పటాన్‌చెరు నుంచే వస్తాయి. కూకట్‌పల్లి దాటాక 218 అమీర్‌పేట మీదుగా కోఠికి, 219 బాలానగర్ మీదుగా సికింద్రాబాద్‌కు వెళ్తాయి. ఒక 218 బస్సు ముందు బోర్డులో చివరి అంకెకు ఎడమ పక్క కింది లైట్లు పోయాయి. 8 కాస్తా 9 అయి కూర్చుంది. రైలుకని బయల్దేరిన మన పెద్దాయన ఒకరు అదెక్కి, అమీర్‌పేటలో దిగి ఆటో పట్టుకున్నారు. రైలైతే అందింది. ఆ టెన్షన్‌లో ఆయన అన్న మాటలు మాత్రం మినిట్స్‌లో రాయలేదు.

ఊరి పేర్లది ఇంకో తంటా. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు పట్టాలి. ఉన్న కాసిని చుక్కల వరసల్లో అన్నీ ఇరికిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. ‘కోఠి’లో ఠ పొట్టలో చుక్క వెలగకపోతే అది ‘కోరి’ అవుతుంది. పేరు పక్కకు జరిగే బోర్డుల్లోనైతే చదివేలోపే బస్సు కదిలిపోతుంది.

ఫోటోలు తీసి డిపోకు వెళ్తే నమ్మలేదు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది: బాగున్న బోర్డు కూడా మా ఫోన్లలో సగం చీకటిగానే పడింది. ఇలాంటి ఎల్ఈడీ బోర్డులో వరసలన్నీ ఒకేసారి వెలగవు. కంటికి తెలియనంత వేగంగా వంతులవారీగా వెలిగి ఆరుతుంటాయి. కెమెరా ఆ క్షణాన వెలిగిన వాటినే పట్టుకుంటుంది. చివరికి కాలనీ కుర్రాళ్లు షట్టర్ వేగం తగ్గించి తీశారు. బోర్డు మొత్తం పడింది, పోయిన చుక్కలు మాత్రం నల్లగా తేలాయి. బస్సు నంబరు, తేదీ రాసి మళ్లీ ఇచ్చాం. మూడు వారాల తర్వాత ముందు బోర్డు బాగు చేశారు.

వెనక బోర్డు ఇంకా వెలగడం లేదు. కదిలిన బస్సు వెనక పరిగెత్తాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాం. దాని మీద అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు. ఈలోగా ఒక డ్రైవరు గారు అద్దం వెనక పాత రేకు బోర్డు పెట్టుకుని తిరుగుతున్నారు. పెయింటుతో రాసిన 218, సందు చివరి నుంచి కూడా కనబడుతోంది.

– కార్యదర్శి