ఆ సినిమా డిస్కులను కాపాడండి

మోజర్ బేర్ లాంటి హోమ్ వీడియో కంపెనీలు మూతపడ్డాక, వాళ్లు విడుదల చేసిన పాత తెలుగు సినిమాల డిస్కులను పట్టించుకునే నాథుడే లేడు. వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకే అమ్మి పైరసీ వాళ్లతో పోటీపడిన ఆ కంపెనీ, ఇంటర్నెట్ దెబ్బకు సోలార్ వ్యాపారం అప్పులూ తోడై 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద ఆ డిస్కులు కవర్లు కూడా లేకుండా ఎండకు ఎండుతున్నాయి, తిప్పి చూస్తే అన్నీ గీతలే. ఓటీటీలో ఉన్నాయి కదా అంటారు గానీ, అన్నీ ఎక్కడున్నాయి? పుస్తకం అచ్చయితే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954 నుంచి చట్టముంది, దాన్ని సినిమా డిస్కులకూ వర్తింపజేయాలి. ఈలోగా అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక గది కేటాయించి, జనం ఇళ్లలో మూలనపడ్డ డిస్కులను సేకరించి, హక్కుదారుల అనుమతితో డిజిటల్ ప్రతులు చేయించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్