చుక్క దొరికిందిరా!

ఒరేయ్ సత్తీ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు బాకీ ఉన్నాను, ఏమనుకోకు. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చిన్నదానికి పరీక్షలయ్యాయి. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నాన్న మారుతీ 800 బాగుపడింది!

సంక్రాంతికి ఊరెళ్లొచ్చినప్పటి నుంచి కూలెంట్, అదే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు, తగ్గుతోందిరా. వారానికి పావు లీటరు పోయాల్సి వచ్చేది. కారు కింద చూస్తే నేల పొడి. రాత్రంతా అట్టముక్క పరిచి ఉంచినా ఒక్క మరక లేదు. మరి నీళ్లు ఎటు పోతున్నట్టు? మెకానిక్ బానెట్ ఎత్తాడో లేదో, "హెడ్ గాస్కెట్ పోయింది సార్, హెడ్ దించాలి, 18 వేలు" అన్నాడు. "1998 మోడల్‌కి ఇంత ఖర్చెందుకు, తుక్కుకిచ్చేయండి" అని కూడా అన్నాడు. ఆ మాట ఎంత గుచ్చుకుందో! ఆ వెనక సీట్లో మనం... సరే, వద్దులే.

నాకు నమ్మకం కుదరలేదు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజన్ పైభాగం కింద ఉండే సీల్ కదా, అది పోతే చాలాసార్లు నీళ్లు ఆయిల్‌లో కలిసి ఆయిల్ పాలు పోసిన కాఫీలా అవుతుంది. ఆయిల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూశా, శుభ్రంగా ఉంది. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ లేదు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశా, బుడగలు తన్నుకు రాలేదు. (వేడి మీద మూత తీయకూడదని నీకు చెప్పక్కర్లేదు. శ్రీశైలం ఘాట్, నీ ఎర్ర తువ్వాలు!) ఇవే నీళ్లు హీటర్‌లోకీ వెళ్తాయి కదా, అది లీకైతే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది, కారంతా తియ్యటి వాసన వస్తుంది. తడిమి చూశా, పొడిగానే ఉంది.

ఆదివారం మా తోడల్లుడి దగ్గర ప్రెషర్ టెస్టర్ తెచ్చా. చేతిపంపుకి మీటరు ఉంటుంది. చల్లటి ఇంజన్‌కి, మూత బదులు దాన్ని బిగించి గాలి కొట్టాలి. మన మూత మీద ఒత్తిడి 0.9 అని ఉంది, అంతకు మించి కొట్టకూడదు. కొట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నా. పావుగంటకి ముల్లు 0.6కి జారింది. ఎక్కడో పోతోంది! హోస్ పైపులు, క్లాంపులు, రేడియేటర్ అడుగు, అన్నీ టార్చి వేసి వెతికా. ఏమీ లేదు. చివరికి మా ఆవిడ పౌడరు డబ్బా అద్దం తెచ్చి వాటర్ పంపు పుల్లీ వెనక పెట్టా. పంపు అడుగున చిన్న బెజ్జం, దాని అంచున ఆకుపచ్చ చుక్క! ఆవగింజంత. చూస్తుండగానే లావై, వణికి, జారిపోయింది. దాని కింద తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు గీత. ఎన్ని వారాలుగా కారుతోందో పాపం.

ఆ బెజ్జం కావాలనే పెడతార్రా. లోపలి సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చే దారి అది. అది మూసేస్తే బేరింగ్ పాడవుతుంది, కాబట్టి పంపే మార్చాలి. ఇంజన్ వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడే కారేది, కారిన చుక్క వేడి లోహం మీదే ఆవిరైపోయేది. ఆపి చల్లారితే ఒత్తిడి ఉండదు, కారడమూ ఆగేది. అందుకే అట్టముక్క మీద ఏమీ పడలేదు!

కొత్త పంపు, దాని గాస్కెట్ కలిపి 1,100. వేరే మెకానిక్‌తో వేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించా. నిన్న తెనాలి దాకా వెళ్లొచ్చా, టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదల్లేదు. పొద్దున చూస్తే లెవెల్ గీత మీదే ఉంది.

డాష్‌బోర్డు అరలో నాన్న నోటుబుక్కు ఇంకా ఉందిరా. నీళ్లు పోసిన ప్రతిసారీ తేదీ వేసేవాడు కదా, ఆ గుండ్రటి అక్షరాలతో. చివరి పేజీలో, ఆయన రాత కింద, "పంపు మార్చాను" అని రాశా. రాస్తుంటే చెయ్యి... నువ్వుంటే బాగుండేది.

వేసవిలో వస్తానన్నావు, ఆ మూడో గ్లాసు సంగతి అప్పుడు తేల్చుకుందాం. నీ బదిలీ ఏమైందో అడుగుదామనుకు... చిన్నదాని బస్సు వచ్చేసింది. ఉంటా.

నీ
బాబి