బుజ్జికి, నాన్న రాయునది

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

కవరు చూసి కంగారుపడకు. ఇక్కడెవరికీ ఏమీ కాలేదు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది, వేసుకోలేదని నేనంటే వేసుకున్నానని దెబ్బలాడుతోంది, అంటే ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఫోనుండగా నాన్న కాగితం మీద రాయడమేమిటి అనుకుంటావు. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాల మీద ముద్రలు కొట్టినవాణ్ణి, నా కూతురికి ఒకటి రాసుకుంటే తప్పా? అదీగాక ఈ మధ్య నేనేం పెట్టినా నువ్వు ఓ బొటనవేలు పంపించి ఊరుకుంటున్నావు. జలుబు తగ్గిందా అంటే బొటనవేలు. అన్నం తిన్నావా అంటే బొటనవేలు. మనియార్డరు పుచ్చుకుని నిశానీ వేసేవాళ్ళు గుర్తొస్తున్నారు నాకు. ఎంటెక్ చదివించింది వేలిముద్ర వెయ్యడానికా తల్లీ?

దాళ్వా నాట్లు అయిపోయాయి. కాలవ నీళ్ళు వంతులవారీ ఇస్తున్నారు, మన వంతు రాత్రిపూట పడింది, నేనూ సూరిబాబూ టార్చిలైటు వేసుకుని గట్ల మీద తిరుగుతున్నాం. కొబ్బరికి మళ్ళీ తెల్లదోమ, ఆకులు మసి పూసినట్టున్నాయి. దింపు తీయించాను, కాయ చిన్నది. గౌరి ఈనింది, పెయ్య. జున్నుపాలు హైదరాబాదు పంపే దారి లేదు గనక వండించి, నీ పేరు చెప్పి నేనే తిన్నాను.

భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్ళాం. రథం దగ్గర ఒకటే తొక్కిడి. అక్కడ బుల్లెమ్మత్త కోడలు కనిపించింది, హైదరాబాదు నుంచి తీర్థానికి వచ్చిందట. నీ గురించి ఏదో అంది. పెద్ద విషయమేం కాదులే, ముందు మిగతావి రాయనీ.

ఫోను గురించి నీతులు చెప్పను. ఇంట్లో మేమే సరిగ్గా లేం. అమ్మ ఫోన్లో వంటలు చూస్తూ కూర్చుంటుంది, పలకరిస్తే "ఉండండి, పోపు వేస్తోంది" అంటుంది, ఇక్కడ మన పొయ్యి మీద పోపు మాడిపోతుంటే. నేనూ తక్కువ తినలేదు. రిటైరైన పోస్టువాళ్ళ గ్రూపులో తెల్లవారేసరికి నలభై గులాబీ పువ్వులు వస్తాయి, తిరిగి గులాబీ పంపకపోతే వాళ్ళకు కోపం.

సాయంత్రం అరుగు మీద ఆరుగురం కూర్చుంటాం. ఇదివరకు ఒకడు మాట మొదలెడితే ఐదుగురు అడ్డం వచ్చేవారు, మాట ఒడ్డు చేరేది కాదు. ఇప్పుడు ఒక్కొక్కడి గడ్డం కింద ఒక్కో దీపం. ఎవరైనా ఏదైనా అంటే "ఆఁ" అంటాం, ఏమన్నాడో తెలీదు. పెద్దనాన్నకొక్కడికే ఫోను లేదు, వీధిలోకి చూస్తూ కూర్చుంటాడు. మొన్న "నాకూ ఒకటి కొనిపెట్టరా తమ్ముడూ, మీతో మాటాడాలంటే అదే దారిలా ఉంది" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

రావులపాలెం పెళ్ళిలోనూ ఇంతే. బంతిలో నా పక్కన కూర్చున్న కుర్రాడు విస్తరి పక్కన ఫోను పెట్టుకుని దాంట్లోకి నవ్వుతున్నాడు, వడ్డించేవాడు "పప్పు బాబూ, పప్పు బాబూ" అని రెండుసార్లు అని, విసిగి వేసేశాడు. సగం ఫోను మీద పడింది. చిన్నమావయ్య కూడా ఆ బంతిలోనే ఉన్నాడు, ఆయన కాలేజీ బుద్ధి పోనిచ్చుకోడుగా, చెయ్యి కడుక్కునేలోపు నాకు పాఠం చెప్పేశాడు. ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో ముక్కూమొహం తెలీనివాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించారట. కొందరి దగ్గర బల్ల మీద ఒక ఫోను, కొందరి దగ్గర ఒక నోటుపుస్తకం. ఆ ఫోను మోగనూ లేదు, దాన్నెవరూ ముట్టుకోనూ లేదు, ఊరికే ఉందంతే. అయినా ఫోను ఉన్నచోట వాళ్ళ మధ్య దగ్గరితనం తక్కువైందట, అదీ మనసులో మాటలు చెప్పుకునే దగ్గర మరీనూ. తర్వాత ఇంకెవరో మళ్ళీ చేసి చూస్తే అలా తేలలేదని కూడా ఆయనే చెప్పాడు. మరి ఏది నమ్మాలయ్యా అంటే చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఎదుటిమనిషిని వదిలేసి ఫోను చూడ్డానికి ఇంగ్లీషులో "ఫబ్బింగ్" అని పేరు కూడా ఉందట, అదీ ఆ ఏడే ఆస్ట్రేలియాలో పుట్టించారట. నాకైతే మనకెప్పణ్ణుంచో ఉన్న మాట చాలనిపించింది. మొహం చాటెయ్యడం.

నిన్ననడం లేదు.

చాటెయ్యడానికి ఫోనే కావాలనీ లేదు. మా నాన్న, మీ తాతయ్య, అప్పులవాళ్ళు గుమ్మంలోకి వస్తున్నారంటే పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారి తలకిందులుగా పట్టుకున్నాడు. ఎదుటివాడు చూసి కూడా ఏమీ అనకుండా మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మర్యాదస్తుడు.

జగ్గన్నతోట మాట రాయడం మర్చిపోయాను. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వచ్చి ఒక్కచోట కూడే రోజు ఏడాదికొక్కటి. ప్రభని మోసేవాళ్ళు "అశ్శరభ శరభ" అంటూ కౌశిక కాలవలోకి దిగుతుంటే నా చిన్నప్పుడు మీ తాతయ్య నన్ను భుజాల మీదికి ఎక్కించుకునేవాడు. ఈ కనుమకి నా ముందు ఎత్తిన చేతులూ, చేతుల్లో ఫోన్లే. ప్రభని ముందువాడి ఫోన్లో చూశాను, వేలెడంత ఉంది. నువ్వు మాత్రం ఫొటో తియ్యలేదు. ఫోను చేతిలోనే ఉంది, పైకెత్తలేదు, ప్రభ వంకా చూడలేదు. ఏదో ఒకే ఒక్క ఉత్తరం లాంటిదాన్ని పైకీ కిందికీ జరుపుతూ చదువుతూ నించున్నావు. ఉత్తరాలు చదివేవాళ్ళని ముప్ఫయ్యేళ్ళు కౌంటరు ఇవతల నుంచి చూసినవాణ్ణి. శుభవార్తని ఎవరూ అన్నిసార్లు కింద నుంచి పైకి చదవరు.

సరే, బుల్లెమ్మత్త కోడలు అన్న మాట. మియాపూర్ దగ్గర మెట్రోలో కనిపించావట. ఎదురుగా వచ్చి పలకరించినా తలెత్తలేదట. "మీ అమ్మాయికి గర్వం వచ్చిందండీ మావయ్యగారూ" అంది. గర్వమే అయితే నాకు బెంగలేదు, మీ అమ్మ పోలిక అనుకుని ఊరుకుందును. ఎప్పుడమ్మా అన్నాను. బుధవారం, పగలు పదకొండు దాటాక అంది. బుధవారం పదకొండింటికి నువ్వు ఆఫీసులో కదా ఉండాలి అని నాకు తోచింది, పైకి అనలేదు. మీ కంపెనీలో చాలామందిని తీసేస్తున్నారట అని కూడా అంది. ఊళ్ళో మాటలు, నేను పట్టించుకోను. పట్టించుకోలేదని రాయడానికే ఇది రాస్తున్నాను.

మాణిక్యం నీకు తెలీదు, నువ్వు పుట్టేసరికే ముసలిది. దాని కొడుకు అబ్బులు కువైట్ వెళ్ళాడు, అరెకరం తాకట్టు పెట్టి ఏజెంటుకి డబ్బు కట్టారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. అంతవరకు నెలకో ఉత్తరం వచ్చేది, ఆగిపోయింది. టపా సంచీ బస్సు దిగేవేళకి మాణిక్యం రోజూ వచ్చి పోస్టాఫీసు గోడ నీడన కూర్చునేది. అడిగేది కాదు. నేను సంచీ విప్పి, ముద్రలు కొట్టి, తలెత్తి అడ్డంగా ఊపితే లేచి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి నాకు తలెత్తాలంటేనే భయం వేసేది. తక్కెడ సర్దుతున్నట్టూ, లక్క కరిగిస్తున్నట్టూ నటించేవాణ్ణి. మనవాళ్ళని లక్షమందికి పైగా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో బొంబాయి తెస్తున్నారని పేపర్లో పడింది, అది చదివి వినిపిస్తే "మావోడి పేరేసేరా బాబూ?" అంది.

అక్టోబరులో ఇన్లాండు వచ్చింది, బొంబాయి ముద్రతో. చదివాను. ఒళ్ళు బాగుంది, ప్రాణాలతో వచ్చాను, ఇక్కడే సిమెంటు పని దొరికింది, డబ్బు పంపిస్తాను అన్నాడు. మధ్యలో నాలుగు ముక్కలున్నాయి. "పొలం పోగొట్టి ఉత్తచేతుల్తో ఊళ్ళోకి రావడానికి మొహం చెల్లడం లేదు. ఇది అమ్మకి చదవకండి పోస్టుమాస్టరుగారూ." అది వదిలేసి కిందికి దిగాను. గొంతు కూడా తడబళ్ళేదు, నాటకాల్లో వేసినవాణ్ణి కదా.

మాణిక్యం కాసేపు ఊరుకుని, "ఓ ముక్క మింగేసేరు" అంది.

"లేదు మాణిక్యం, అంతే ఉంది, కావాలంటే చూడు" అన్నాను. దానికి చదువు రాదని తెలిసీ చూడు అన్నాను, అంత తెలివి నాది.

"కాయితం నాకెందుకు బాబూ, నేను మీ మొకం వంక సూత్తన్నాను. కింద లైనుకి రాగానే మీ కళ్ళు ఒక్కసారి నా వంక చూసి ఎల్లిపోయేయి. అది సదవండి."

చదివాను. ఏడుస్తుందనుకున్నాను. చెంగు ముడిలోంచి పావలాలు తీసి, "ఓ కవరివ్వండి, రాయండి" అంది. ఏం రాయమంటావంటే, "పొలానికి కాళ్ళు లేవు, ఎక్కడికీ ఎల్లిపోదు, ఆడు రావాల. రాపోతే నేనే బయల్దేరి బొంబాయొత్తాను. నాకు బాస రాదు, తప్పిపోతాను. అప్పుడు ఇద్దర్నీ ఎతుక్కోవాల. అలాగే రాయండి, అచ్చరం మార్చకండి" అంది. మార్చలేదు. నాగులచవితి లోపల వచ్చేశాడు, చీకటి పడ్డాక, వెనకవీధి నుంచి. ఆ పొలం విడిపించుకోడానికి ఎనిమిదేళ్ళు పట్టింది, మధ్యలో 96 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లతోపాటు ఇల్లూ పోయింది, అదంతా వేరే కథ, మొదలెడితే ఇంకో కవరు కావాలి.

నీతో వీడియోకాల్ చేస్తే "నెట్ బాలేదు నాన్నా" అని బొమ్మ ఆపేస్తావు. హైదరాబాదులో నెట్ బాలేదు, లంకగట్టు మీద నాకు బాగుందీ. కనుమ తర్వాత నీ మొహం నేను చూడలేదు.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. కనుమ మధ్యాహ్నం పెద్దనాన్న "ఇప్పుడెంతమ్మా నీ జీతం" అనగానే, "ఒక్క నిమిషం, ఆఫీసు కాల్" అని ఫోను చెవికి పెట్టుకుని పశువులపాక వైపు వెళ్ళావు. గౌరికి కుడితి పట్టుకుని నేను నీ వెనకే వచ్చాను. "యా, ష్యూర్, ష్యూర్" అంటున్నావు. అప్పుడు మీ అమ్మ వంటింట్లోంచి నీకు ఫోను చేసింది, అన్నానికి రమ్మని. ఆవిడకిప్పుడు గొంతెత్తి పిలవడం పోయింది కదా. నువ్వు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్న ఫోను మోగింది.

నేను బకెట్టు చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాను. అప్పుడే పిలవాల్సింది. నేనూ మొహం చాటేశాను.

అమ్మకి చెప్పలేదు. పెద్దనాన్న మళ్ళీ జీతం గీతం అంటే ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. నిన్ను ఏమీ అడగను, అడిగితే మళ్ళీ బొటనవేలు వస్తుంది. దింపు డబ్బులు నీ ఖాతాలో వేయించాను, సూరిబాబు కొడుకు చేత ఫోన్‌పేలో. దీనికి మాత్రం ఫోను మంచిదే. నీకు అవసరం లేకపోతే అలాగే ఉంచు, వెనక్కి పంపితే ఊరుకోను. వచ్చే ఆదివారం దాకా చూసి, రాజమండ్రిలో గౌతమి ఎక్కుతాను. నాకు మెట్రో ఎక్కడం రాదు, తప్పిపోతాను.

ట్రావెల్స్ బస్సులో డబ్బా వేస్తున్నాను, తెల్లారి ఐదింటికే తీసుకో, ఆలస్యం చేస్తే వాళ్ళు ఎక్కడ పడేస్తారో. జంతికలు, పోకుండలు, కంద ముక్కలు. కంద కోసేముందు చేతికి నూనె రాసుకో. పనసపొట్టు కూడా పెడదామంటే అమ్మ "దానికి తీరికెక్కడిది వండుకోడానికి" అంది. నేనేం మాట్లాడలేదు, పెట్టించాను. మఫ్లరు కట్టుకో, ఇంకా మంచు పోలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఆ ఫోను తలగడ కింద పెట్టుకోకు.

ఇందులో ఒక ఇన్లాండు లెటరు మడిచి పెట్టాను. మన అడ్రసు నేనే రాశాను, పిన్‌కోడుతో సహా. నువ్వు లోపల రాస్తే చాలు, రెండు లైన్లయినా పర్లేదు. ఏ ముక్కా మింగకుండా రాయి. ఇక్కడ అదెవరి చేతా చదివించక్కర్లేదు, నేనే చదువుకుంటాను. దానికి జిగురు సరిగ్గా ఉండదు, నాలికతో తడపకు, ఒక అన్నం మెతుకు పెట్టి నొక్కు. ఇంట్లో అన్నం వండుకుంటున్నావనే అనుకుంటున్నాను.

నాన్న