మతాలు చదివితే ఏమొస్తుందని అడిగావు కదా

కర్నూలు

ఒరే మురళీ,

నీ ఉత్తరం కోర్టు నుంచి రాగానే చదివాను. సింధు మతాల అధ్యయనం, మానవ హక్కులు కలిపి చదువుతానని పట్టుబట్టిందని, వదిన దిగులు పెట్టుకుందని రాశావు. ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్ల ఖురాను, బైబిలు, ధర్మశాస్త్రాలు ముందేసుకుని కూర్చుంటే రేపు దాని బతుకేమిటన్నది నీ బాధ. ఫోన్లో మాట్లాడితే మనిద్దరం గొంతులు పెంచి, చివరికి ఏమీ తేల్చకుండా పెట్టేస్తాం. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నీకు ఒక మనిషి సంగతి చెప్పాలి. పేరు అబ్దుల్లాహి అహ్మద్ అన్-నయీమ్. సూడాన్ దేశస్థుడు, 1946లో పుట్టాడు. ఇస్లాం, మానవ హక్కులు అనే రెండు మాటలు కలిపి మాట్లాడే ఏ సభలోనైనా ఆయన పేరు రాకుండా పోదు. మొదట్లో ఆయనది శుద్ధమైన లాయరు చదువు. ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో 1970లో లా పట్టా, ఆ తర్వాత కేంబ్రిడ్జ్, 1976లో ఎడిన్‌బరోలో డాక్టరేటు. తిరిగొచ్చి ఖార్టూమ్‌లోనే లా పాఠాలు చెప్పాడు. అంతవరకూ నీలాంటి తండ్రికి ఏ దిగులూ లేని దారి.

అయితే లా చదివే రోజుల్లోనే ఆయనకు ఒక గురువు దొరికాడు. మహమూద్ మొహమ్మద్ తాహా. ఆ తాహా కూడా మన సింధులాగే ఇంజనీరు, రైల్వేలో పనిచేశాడు. 1945లో రిపబ్లికన్ పార్టీ అని ఒకటి పెట్టి బ్రిటిష్ వాళ్ల మీద పోరాడి జైలుకెళ్లాడు. బయటికొచ్చాక చాలాకాలం ఒంటరిగా ధ్యానంలో గడిపాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట సూడాన్‌ను కుదిపేసింది. ఖురాన్‌లో మక్కాలో వెలువడిన సూక్తులున్నాయి, మదీనాలో వెలువడినవీ ఉన్నాయి. రెండింటికీ పొత్తు కుదరని చోట తర్వాత వచ్చిన మదీనా సూక్తులే అమల్లో ఉంటాయని పాత పండితులు తీర్మానించారు. తాహా దీన్ని తిరగేశాడు. మక్కా సూక్తుల్లో మనుషులందరి సమానత్వం, మతం విషయంలో బలవంతం లేకపోవడం ఉన్నాయని, అదే శాశ్వతమైన సందేశమని అన్నాడు. మదీనా సూక్తులు ఏడో శతాబ్దపు సమాజాన్ని నడపడానికి అప్పటి అవసరం కొద్దీ వచ్చినవని, ఇప్పుడు మళ్లీ మొదటి సందేశానికి వెళ్లే కాలం వచ్చిందని అన్నాడు. ఆడవాళ్లకూ, ఇతర మతస్థులకూ సమాన హక్కులు ఖురాన్‌లోంచే తీసి చూపించాడు, బయటి నుంచి అరువు తెచ్చుకోలేదు.

ఆ రోజుల్లో ఒక కుర్ర లా విద్యార్థి పడిన నలుగుబాటు ఊహించు. ఒకపక్క ఐదుపూటలా నమాజు చేసే విశ్వాసి. మరోపక్క రాజ్యాంగం, సమానత్వం అని చదువుకుంటున్నవాడు. రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతాయో తెలియదు. తాహా మాట విన్నాకనే ఆయనకు ఊపిరాడింది. ఏదో ఒకటి వదిలేసి బతకాల్సిన అవసరం తప్పింది. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే. దేవుణ్ని వదిలేసి హక్కుల వైపు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, హక్కులను వదిలేసి దేవుడి వైపు పోయినవాళ్లూ ఉన్నారు. రెండింటినీ పట్టుకుని నడిచేవాళ్లు తక్కువ, వాళ్లకు రెండు వైపుల నుంచీ దెబ్బలే.

దెబ్బలు తగిలాయి కూడా. 1983 సెప్టెంబరులో సూడాన్ అధ్యక్షుడు నిమేరీ తన దేశంలో ఇస్లామిక్ శిక్షలు అమల్లోకి తెచ్చాడు. దొంగతనానికి చేతులు నరకడం, కొరడా దెబ్బలు. ముస్లింలు కానివాళ్లు ఎక్కువగా ఉన్న దక్షిణాన అప్పటికే యుద్ధం మళ్లీ రాజుకుంది. తాహానూ ఆయన మనుషులనూ పట్టుకెళ్లి లోపలేశారు. అన్-నయీమ్ కూడా ఆ 1983-84లో అభియోగమూ విచారణా లేకుండా జైల్లో ఉన్నాడు. యూనివర్సిటీలో లా పాఠాలు చెప్పే ప్రొఫెసర్ రా! అభియోగం లేకుండా మనిషిని నిర్బంధించకూడదని పిల్లలకు చెప్పాల్సినవాడు.

1984 డిసెంబరులో వదిలారు. బయటికొచ్చిన తాహా ఊరుకోలేదు. డిసెంబరు 25న ఒక కరపత్రం వేశాడు. ఆ చట్టాలు రద్దు చేయండి, దక్షిణాన రక్తపాతం ఆపి మాట్లాడుకోండి అని అందులో ఉంది. ఒక్క కాగితం. జనవరి మొదటి వారంలో అరెస్టు. కోర్టులో ఆయన ఈ న్యాయస్థానాన్ని గుర్తించను అని చెప్పి వాదించుకోవడానికే ఒప్పుకోలేదు. విచారణ ఏడో తారీకున మొదలైతే ఎనిమిదో తారీకుకల్లా మరణశిక్ష పడింది. అప్పీలు కోర్టు ఒకడుగు ముందుకేసి మతభ్రష్టుడని కూడా తేల్చింది. అప్పటి వాళ్ల శిక్షాస్మృతిలో మతభ్రష్టత అనే నేరమే లేదు! చట్టంలో లేని నేరానికి శిక్ష వేసిన ఆ ఘట్టం చదివినప్పుడల్లా, ఇన్నేళ్లు నల్లకోటు వేసుకున్న నాకు ఒళ్లు మండిపోతుంది.

1985 జనవరి 18, శుక్రవారం. ఖార్టూమ్‌లోని కోబర్ జైలు ఆవరణలో జనం మధ్యన ఉరికంబం ఎక్కించారు. డెబ్బై ఐదు దాటిన ముసలాయన. ముఖం మీది ముసుగు తీసినప్పుడు ఆయన చిరునవ్వుతో ఉన్నాడని అక్కడున్న విలేఖరులు రాశారు. శవాన్ని హెలికాప్టర్‌లో ఎడారిలోకి తీసుకెళ్లి ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ చెప్పలేదు. ఆయనతోపాటు శిక్షపడిన నలుగురు శిష్యులతో, మా గురువు చెప్పింది తప్పని చెప్పించి ప్రాణాలతో వదిలారు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 6న నిమేరీ గద్దె దిగిపోయాడు. 1986లో తాహా కూతురు వేసిన దావాలో సూడాన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికి కొట్టేయడానికి కాగితమే మిగిలింది, మనిషి లేడు.

ఇక శిష్యుడు అన్-నయీమ్ సంగతి. గురువును ఉరితీసిన 1985లోనే దేశం వదిలాడు. ముందు లాస్ ఏంజిలిస్, ఆ తర్వాత కెనడాలో సస్కాచవాన్, స్వీడన్‌లో ఉప్సల, తర్వాత కైరో. ఏ ఊళ్లోనూ కుదురుగా కూర్చోలేని ఏళ్లవి. ఆ తిరుగుళ్ల మధ్యే గురువు పుస్తకాన్ని అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చాడు, అది 1987లో వచ్చింది. అంతకు ముందే 1986లో, ఇస్లాంలో మతభ్రష్టతకు శిక్ష అనే విషయం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఏ లా పత్రికకో పంపలేదురా, మతాల అధ్యయనానికే ఉన్న ‘రెలిజియన్’ అనే పత్రికలో వేయించాడు. గురువును ఏ వాదంతో ఉరితీశారో ఆ వాదాన్ని ముక్కముక్కగా విప్పి, పండితుల ముందు పెట్టాడు. ఈ చదువుతో ఏం చేస్తారన్న నీ ప్రశ్నకు నా దగ్గరున్న మొదటి జవాబు ఆ వ్యాసమే. మతగ్రంథం పేరు చెప్పి మనిషి ప్రాణం తీసేటప్పుడు, అది మతగ్రంథం కాదు నీ రాజకీయం అని ఆధారాలతో చెప్పగలిగినవాడు ఉండాలి. ఉత్త లాయరుకు ఆ గ్రంథం తెలియదు. ఉత్త పండితుడికి చట్టం తెలియదు.

1990లో ఆయన పేరు నిలబెట్టిన ‘టువార్డ్ యాన్ ఇస్లామిక్ రిఫర్మేషన్’ అనే పుస్తకం వచ్చింది, గురువు చెప్పిన మక్కా, మదీనా సిద్ధాంతం మీదే కట్టిన వాదన అది. 1993 నుంచి 1995 దాకా హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థలో ఆఫ్రికా విభాగానికి అధిపతి. రువాండాలో 1994లో ఆ ఘోరమైన నరమేధం జరిగింది ఆ కాలంలోనే. తర్వాత అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో లా ప్రొఫెసర్‌గా చేరి అక్కడే స్థిరపడ్డాడు.

వాషింగ్టన్‌లో అంత పెద్ద పదవిలో పనిచేసిన మనిషి తర్వాత ఆ పద్ధతినే ప్రశ్నించాడు, అది నాకు నచ్చింది. పేద దేశంలో జరిగే అన్యాయం మీద ధనిక దేశంలో నివేదిక రాస్తారు, ఆ ధనిక దేశపు ప్రభుత్వం పేద దేశపు ప్రభుత్వాన్ని ఒత్తిడి చేస్తుంది. ఇందులో అసలు ఆ ఊరి జనం ఎక్కడున్నారు? వాళ్ల భాషలో, వాళ్ల నమ్మకాల్లో హక్కులు పాతుకోకపోతే అవి ఎప్పటికీ పరాధీనంగానే ఉంటాయని ఆయన వాదన. 2021లో వచ్చిన పుస్తకం దాకా ఇదే పట్టుదల.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం 2008లో వచ్చిన ‘ఇస్లాం అండ్ ద సెక్యులర్ స్టేట్’. అందులో ఇండియా మీద ఒక పూర్తి అధ్యాయం ఉంది, టర్కీ, ఇండోనేషియాల మీద చెరొకటి. ఆ వాదన నా మాటల్లో చెబుతాను. నేను నిజమైన ముస్లింగా ఉండాలంటే నాకు లౌకిక రాజ్యం కావాలి అంటాడాయన. ఎందుకంటే విశ్వాసం ఇష్టపూర్వకంగా ఉంటేనే విశ్వాసం. పోలీసు కర్రకు భయపడి చేసే ఉపవాసంలో భక్తి ఏముంటుంది? ఇస్లామిక్ ధర్మనియమాలైన షరియాను ప్రభుత్వం చట్టం చేసిన క్షణం అది షరియా కాకుండా పోతుంది, గద్దె మీద ఉన్నవాడి ఇష్టం అవుతుంది. ఎన్నో సంప్రదాయాల్లోంచి ఒకదాన్ని ఏరుకుని మిగతావాటి నోరు మూసే పని అది. అలాగని మతం ఇంట్లో కూర్చోవాలని కూడా ఆయన అనడు. విశ్వాసి తన విలువలతో రాజకీయాల్లోకి రావచ్చు. కాకపోతే తన ప్రతిపాదనకు, వేరే మతం వాడు కూడా తర్కించి ఒప్పుకోగలిగిన, కాదనగలిగిన కారణాలు చూపించాలి. దేవుడు చెప్పాడు కాబట్టి నోర్మూసుకో అనకూడదు.

నా మటుకు నాకు 1990 పుస్తకం కన్నా ఇదే గట్టి వాదన అనిపిస్తుంది. మక్కా, మదీనా సూక్తుల సిద్ధాంతాన్ని ముస్లింలు ఒప్పుకుంటేనే మొదటిది నిలబడుతుంది. ఎక్కువమంది ఒప్పుకోలేదు. రెండోదానికి ఆ అవసరం లేదు. నువ్వు ఏ మతం వాడివైనా, ఎంత ఛాందసుడివైనా, ప్రభుత్వం చేతికి నీ దేవుణ్ని అప్పగించకు అని చెబుతోంది. మన రాజ్యాంగంలో మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం చదివే ఎవరికైనా ఈ మాట సూటిగా తగులుతుంది. పైగా ఆ పుస్తకం అచ్చుకు ముందే చిత్తుప్రతిని ఉర్దూ, బెంగాలీ, ఇంకా కొన్ని భాషల్లోకి మార్పించి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టించాడు, ముస్లిం జనం చదివి తనతో వాదించాలని.

ఇదంతా ఎక్కడో సూడాన్ గొడవ అనుకోకు. నా దగ్గరికి భరణం కేసుల్లో ముస్లిం ఆడవాళ్లు వస్తుంటారు, కర్నూలు సంగతి నీకు తెలుసు కదా. ఒకామె పిటిషన్ మీద సంతకం పెట్టే ముందు ఆగి, ‘సార్, నాకు భరణం రావాల. కానీ ఇందులో మా దీన్‌కు ఎదురుగా ఒక్క మాట కూడా రాయాకండి’ అంది, దీన్ అంటే మతం. కింద కూర్చున్న ఆమె తమ్ముడు, కోర్టుకు పోవడమే తప్పని అప్పటిదాకా గొణుగుతున్నాడు. వాడు తలెత్తి చూశాడు. నేను ఆమెకు పిటిషన్ మొత్తం చదివి వినిపించి, రెండు వాక్యాలు మార్చాను. 1985 ఏప్రిల్‌లో, విడాకులిచ్చిన ముస్లిం భార్యకు భరణం ఇవ్వాలన్న షాబానో తీర్పు వచ్చినప్పటి నుంచి దేశమంతా ఈ విషయం మీద అరుచుకుంటోంది. ఒక పక్షం మతాన్ని కాపాడతామంటుంది, ఇంకో పక్షం ఆడదాన్ని కాపాడతామంటుంది. ఆ రెండూ నావే అని చెప్పిన ఆమెలాంటి మనిషి గొంతు ఎవరికీ వినపడలేదు. అన్-నయీమ్ బతుకంతా చేసిన పని అదే గొంతుకు చదువూ భాషా సమకూర్చడం.

ఉద్యోగం మాటకొస్తాను. దాచి చెప్పను, మన దేశంలో మతాల అధ్యయనానికి విడిగా శాఖలున్న విశ్వవిద్యాలయాలు అరుదు. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో 1967 నుంచి ఉంది. ఈ దారిలో పైకెళ్లినవాళ్లు ఎక్కువగా పక్కన ఇంకో పనిముట్టు పెట్టుకున్నవాళ్లే. ఐక్యరాజ్యసమితిలో మత స్వేచ్ఛ మీద ప్రత్యేక పరిశీలకుడి పదవి 1986 నుంచి ఉంది. పాకిస్థాన్ లాయరు అస్మా జహంగీర్ 2004 నుంచి 2010 దాకా ఆ పని చేసింది, 2008లో మన దేశానికీ వచ్చి వెళ్లింది. ఆమె తర్వాత వచ్చిన జర్మన్ ప్రొఫెసర్ హైనర్ బీలెఫెల్ట్ తత్వశాస్త్రం, క్రైస్తవ దైవశాస్త్రం, చరిత్ర చదివినవాడు. ఆ పదవికి జీతం ఉండదు, వాళ్లకు తిండి పెట్టేది సొంత వృత్తే. కాబట్టి సింధును ఆపకు, లా కూడా చేయమని చెప్పు. ఇంకా ముఖ్యం, ఒక మూలభాష పట్టుకోమను. అరబ్బీ అయితే హైదరాబాద్‌లోనే ఉస్మానియాలోనూ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనూ నేర్పుతారు. సంస్కృతమైనా, పాళీ అయినా ఫరవాలేదు. మూలగ్రంథం చదవలేనివాడి మాట పండితులు పూచికపుల్లకు కూడా లెక్కచేయరు. తాహా, అన్-నయీమ్‌లను ఎదిరించినవాళ్లు కూడా వీళ్లకు అరబ్బీ రాదని మాత్రం అనలేకపోయారు.

ఇంజనీరింగ్ వృథా అయిపోతుందని ఏడవకు. మన బాలగోపాల్ కాకతీయలో లెక్కల పాఠాలు చెప్పిన మనిషి. హక్కుల పనిలోకి వచ్చాడు, చివరికి లాయరై హైకోర్టులో పేదవాళ్ల తరఫున వాదించాడు. ఆయన లెక్కలు ఎక్కడికీ పోలేదు, ఆయన రాసిన ఏ వ్యాసం చూసినా ఆ క్రమం కనపడుతుంది.

సంక్రాంతికి మీరు ఊరికి వచ్చినప్పుడు సింధును ఓ వారం ఇక్కడ దింపి వెళ్లు. జనవరిలో ఫ్యామిలీ కోర్టులో నాకు వాయిదాలున్నాయి, నాతో వచ్చి కూర్చుని వినమను. ఇండియా అధ్యాయం ముందే చదివి రమ్మను, అందులో నాకు ఒప్పుదల లేని చోట్లు ఉన్నాయి, సింధుతో వాదించాలి. వదినకు నా నమస్కారాలు. ఆమెకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు, మధ్యలో నీ సొంత వ్యాఖ్యానం కలపకుండా.

నీ
రాఘవ