జిప్సీ లిఫ్ట్ పనులు ఎందుకు ఆగాయంటే

లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) కోసం మా విజయనగరం షెడ్డులో మారుతి జిప్సీ జీపు పెట్టిన వాళ్లకీ, అడ్వాన్స్ ఇచ్చి వరసలో ఉన్న వాళ్లకీ ఇది రాస్తున్నాను. "ఏటి బాబూ, ఇంకా అవ్వలేదా" అని మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ సామాను రాలేదనే చెప్పాను. ఇప్పుడు వచ్చింది. వచ్చినదాన్ని మాత్రం నేను బిగించను.

ఆర్డర్ పెట్టింది స్టీలు వెడ్జ్‌లకి. బండి బరువు మోసే కమాన్ పట్టీలకీ యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ) మధ్య పెట్టే వాలు ముక్కలు అవి. ఏళ్ల తరబడి సరుకు పంపుతున్న సప్లయరే, డబ్బు మొత్తం ముందే తీసుకున్నాడు. డబ్బా విప్పి ముక్క చేతిలోకి తీసుకోగానే బరువు తేడా తెలిసిపోయింది. పైన నల్ల రంగు దట్టంగా కొట్టి ఉంది. అయస్కాంతం పెడితే జారి కింద పడింది. అంచు మీద ఆకురాయి ఆడిస్తే తెల్లగా అల్యూమినియం బయటపడింది, అదీ పోత సరుకు. ఫోన్ చేసి అడిగితే "అందరూ ఇవే వేస్తున్నారు, మీ ఒక్కరికే ఇబ్బందా" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. అవును, నా ఒక్కడికే ఇబ్బంది.

చిన్న ముక్కే. కానీ లిఫ్ట్ చేసినప్పుడు బాడీతోపాటు ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) కూడా పైకి లేస్తుంది, వెనక యాక్సిల్ కిందే ఉండిపోతుంది, దాంతో ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలు పెరుగుతుంది. షాఫ్ట్ చివర కీలులా వంగే జాయింటుని క్రాస్ అంటాం. వాలుగా తిరిగే క్రాస్ ఒక్కో చుట్టులో షాఫ్ట్‌ని రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. పై క్రాస్ కోణమూ, పినియన్ (షాఫ్ట్ తిప్పుడుని యాక్సిల్‌లోకి అందించే పళ్ల చక్రం) దగ్గరి క్రాస్ కోణమూ సమానంగా ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. లేకపోతే ముందు వైబ్రేషన్, తర్వాత క్రాసులు అరిగిపోవడం, పినియన్ ఆయిల్ సీల్ కారడం. పినియన్ మూతిని డిగ్రీల లెక్కన సరిచేసేది ఈ వెడ్జే, బండి బరువూ, యాక్సిల్‌ని పట్టీలకి కట్టి ఉంచే యూ బోల్టుల బిగింపూ పడేదీ దాని మీదే. పోత అల్యూమినియం నలిగినా, బిస్కెట్‌లా విరిగినా యూ బోల్టులు లూజై యాక్సిల్ పక్కకి జరుగుతుంది. అరకు దారిలో అనంతగిరి ఘాట్ దిగుతుండగా అలా జరిగితే ఎవరు జవాబు చెప్తారు?

ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కాస్త కిందికి దించి సర్దేయమని కొందరు సలహా ఇచ్చారు. జిప్సీలో అది గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు, మధ్యలో ఇంకో చిన్న షాఫ్ట్ ఉంది. వెనక కోణం బాగుచేయబోయి దాని కోణం పాడుచేసినట్టు అవుతుంది. నన్ను అసలు నిద్రపోనివ్వనిది వేరే ఆలోచన: వెడ్జ్ లేకుండానే బండి ఇచ్చేసి, మెల్లగా నడపండి, తర్వాత వేస్తాను అని చెప్పేయడం. మీలో చాలామంది సరేననేవారు. సంక్రాంతికి ఎత్తు బండితో ఊళ్లో దిగుదామని ఆశపడ్డవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. కానీ మెల్లగా నడుపుతారన్న నమ్మకం మీద షాఫ్ట్ వదిలిపెట్టలేను. అందుకే లిఫ్ట్ విప్పేసి, మీ పాత పట్టీలే తిరిగి బిగించి బండ్లు ఇస్తున్నాను. నా చేత్తో ఎత్తిన బండిని నా చేత్తోనే దించడం ఎంత కష్టంగా ఉందో నాకే తెలుసు, అయినా దించుతున్నాను.

స్టీలు వెడ్జ్‌లు ఇప్పుడు సాలూరులో లారీల పని చేసి చేయి తిరిగిన లేత్ మేస్త్రి దగ్గర చేయిస్తున్నాను. పట్టీల మధ్యలో బిగించే సెంటర్ బోల్టులు పొడుగువి, యూ బోల్టులు కొత్తవి వేస్తాను. రెండోసారి బిగించడానికి లేబర్ తీసుకోను, ఒప్పుకున్న రేటూ మారదు. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే కారణం అడక్కుండా ఇచ్చేస్తాను. పక్కన ఎక్కడో ఒక్కరోజులో చేసేస్తున్నారని మాత్రం నాకు చెప్పకండి.

ముందు యాక్సిల్‌కి కూడా వెడ్జ్ పెట్టి పినియన్ పైకి తిప్పమని అడుగుతున్నారు. అలా తిప్పితే క్యాస్టర్ (స్టీరింగ్‌ని సూటిగా నిలబెట్టే ముందు చక్రాల వాలు) తగ్గి, హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు. అది చేయను.

బయట లిఫ్ట్ చేయించుకున్న వాళ్లు కూడా ఒకసారి బండి కిందకి దూరి వెడ్జ్‌కి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే బండి తీసుకురండి, చూసినందుకు డబ్బులేమీ అడగను.