బాలల దినోత్సవం నుంచి సంక్రాంతి ముగ్గుల దాకా: మన స్కూలు పండుగల జమా ఖర్చులు

తల్లిదండ్రులకు, విచారణ (మన చర్చి పరిధి) పెద్దలకు నమస్కారం. 2025 నవంబరు 14 నుంచి 2026 జనవరి 9 వరకు ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలతో జరిపిన వేడుకల లెక్క ఇది. రసీదు పుస్తకాలు, బిల్లులు ఆఫీసు గదిలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ

నిరుటి నిల్వ రూ. 1,340. చందా ఇంటికి రూ. 150 చొప్పున 151 ఇళ్ల నుంచి 22,650 (ఫోన్‌లో పంపినవి 15,600, నగదు 7,050). పిల్లలు 212 మంది ఉన్నా, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చదివే ఇంటికి ఒక్క చందానే. ఇవ్వలేకపోయిన 12 ఇళ్లను రెండోసారి అడగలేదు. విచారణ నుంచి 5,000, పూర్వ విద్యార్థులు 6,500. పిల్లలు చేసిన నక్షత్రాలు 60 అమ్మితే 1,800, గ్రీటింగ్ కార్డులు 85 అమ్మితే 850. మొత్తం జమ రూ. 38,140.

ఖర్చు

బాలల దినోత్సవానికి పెన్సిలు, రబ్బరు: 212 మందికి 12 చొప్పున 2,544.

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలానికి, వారానికొకటి వెలిగించే కొవ్వొత్తుల చక్రానికి 690: ఇనుప రింగు 250, లావు కొవ్వొత్తులు నాలుగు 360, రిబ్బన్లు 80. ఊదా రంగు కొవ్వొత్తులు దొరకక తెల్లవాటి అడుగున మూడింటికి ఊదా, ఒకదానికి గులాబీ రిబ్బను కట్టాం. గులాబీది మూడో వారానిది కాబట్టి డిసెంబరు 15 సోమవారం ప్రార్థనలో వెలిగించాం. చుట్టూ పెట్టిన సరుగుడు రెమ్మలు ఊరికే దొరికినవే, కానీ వారంలో ఎండిపోతాయి. ఎండిన రెమ్మకు నిప్పురవ్వ చాలు. అందుకే ప్రతి సోమవారం మార్చాం, ప్రార్థన అయిన అయిదు నిమిషాల్లో వత్తి ఆర్పేశాం.

క్రీస్తు పుట్టిన పశువుల పాక నమూనాకు 1,840: వెదుళ్లు నాలుగు 480, కాగితాలు 300, సీరియల్ లైట్లు నాలుగు 720, విరిగిన గొర్రెలకాపరి బొమ్మకు ఎంసీల్, రంగు 140, రాగులు అరకిలో 30, ఫెవికాల్ 170. వరిగడ్డి ఒక తండ్రి ఉచితంగా ఇచ్చారు. ఫెవికాల్ అనుకోని ఖర్చు: మైదా జిగురుతో అంటించిన కాగితపు కొండల్ని ఎలుకలు రెండు రాత్రుల్లో కొరికేశాయి. పచ్చిక కోసం పళ్లేల్లో చల్లిన రాగులు మొదటిసారి నీళ్లు ఎక్కువై కుళ్లాయి. డిసెంబరు 8న మళ్లీ చల్లి, రోజుకు రెండుసార్లు చిలకరిస్తే పదిరోజులకు వేలెడు ఎత్తు వచ్చింది.

నక్షత్రాలకు 1,640: వెదుళ్లు అయిదు 600, బద్దలు చీల్చిన కూలి 300, గాలిపటాల కాగితం 150 షీట్లు 600, పురికొస, జిగురు 140. ఒక్కో నక్షత్రానికి రెండడుగుల బద్దలు పది. అయిదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, అయిదు కొనల దగ్గర కలిపి ముడివేసి, లోపలి కూడళ్లలో నాలుగంగుళాల ముక్కలు అయిదు నిలబెడితే ఉబ్బుగా నిలుస్తుంది. ఆ ముక్కలు పెట్టకముందే కాగితం అంటిస్తే చినిగిపోతుంది, చాలామంది పిల్లలు ఇక్కడే తొందరపడ్డారు. బద్దల అంచులు చేతులు కోస్తాయి కాబట్టి గరుకు కాగితంతో రుద్దాకే నాలుగు, అయిదు తరగతులకు మాత్రమే ఇచ్చాం. 72 చేశారు, అమ్మని 12 వరండాలో వేలాడుతున్నాయి. రూ. 30కి అమ్మితే మిగిలింది 160. మరుసటి ఏడు ధర రూ. 40 పెడతాం.

కార్డులకు చార్టులు 110, స్కెచ్చులు 140.

డిసెంబరు 20న, పండుగకు ముందే జరుపుకున్న సెమీ క్రిస్మస్‌కు అన్నిటికన్నా ఎక్కువ, 24,740:
షామియానా, స్టేజి 4,200
మైకు సెట్టు 3,500
కుర్చీలు 150, ఎనిమిది చొప్పున 1,200
కేకు పది కిలోలు 3,800
వేషాలు 22, అద్దె 2,640
విరిగిన దేవదూత రెక్కలకు 200
క్రిస్మస్ తాత వేషం 300
కానుకలు 212, పాతిక చొప్పున 5,300
పులిహోర 3,600

పులిహోరలో బియ్యం 20 కిలోలు 1,040, నూనె నాలుగు లీటర్లు 600, చింతపండు, పల్లీలు, పోపు సామాను 760, వంటమనిషికి, గ్యాసుకు 1,200. కేకు ముక్క చిన్నదని మాట వచ్చింది, నిజమే. పెద్దలు కూడా తినేసరికి తలా ముప్పై అయిదు గ్రాములే వచ్చింది. వేషాల అద్దె మాత్రం మా తప్పు. గొర్రెలకాపరుల తొమ్మిది వేషాలకు ఇంట్లో లుంగీ, తువ్వాలు చాలు, 1,080 మిగిలేది. ముగ్గురు జ్ఞానులకు, దేవదూతలకే అద్దె పెట్టాలి.

ముగ్గుల పోటీకి రంగులు 600, బహుమతులు 900. రసీదు పుస్తకాలు రెండు 220.

మొత్తం ఖర్చు రూ. 33,424. నిల్వ రూ. 4,716: బ్యాంకులో 4,000, చేతిలో 716. బిల్లు లేనివి రెండే, వంటమనిషి, గ్యాసు 1,200, బద్దల కూలి 300. వాటికి వోచరుపై సంతకాలు తీసుకున్నాం.

ఈస్టరుకు ముందు ఉపవాస కాలం మొదలయ్యే విభూతి బుధవారానికి (ఫిబ్రవరి 18) ఖర్చు లేదు. ఇళ్లలో ఉన్న నిరుటి మట్టల ఆదివారపు మట్టలు పంపితే కాల్చి, నుదుట పెట్టే బూడిద చేస్తారు, ప్లాస్టిక్ పూలు చుట్టినవి పంపవద్దు. ఏప్రిల్ 6న ఈస్టర్ గుడ్లకు రంగులు వేయించడానికి 212 గుడ్లు, ఏడు రూపాయల లెక్కన 1,484 ఈ నిల్వ నుంచే తీస్తాం. ఉల్లిపొట్టు, పసుపు, బీట్‌రూట్ ఇళ్ల నుంచి పంపాలి.

పండుగల కమిటీ
2026 జనవరి 23