నాన్నని పైకి మోసుకెళ్లిన మా వీధికి, నన్ను ఒడ్డుకి చేర్చిన పడవకి

విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి వాళ్లందరికీ, పడవ మీద నాతో ఉన్న ముగ్గురికీ నమస్కారం. బుడమేరు వాగు వరద తగ్గాక ఇల్లు కడిగి, ఆరబెట్టి, సున్నాలు వేయించి మొన్ననే నాన్నని మళ్లీ కింది వాటాలోకి తీసుకొచ్చాం. దసరా లోపు ఇంట్లో పొయ్యి వెలగాలని ఆయన పట్టు. వెలిగింది. నెల రోజులుగా చెప్పాలనుకున్నది ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు నేను ఇండోనేషియాలో ఉన్నాను. సుంబావా దీవికి ఉత్తరాన సతోందా అని చిన్న దీవి ఉంది, దాని పక్కన లంగరేసిన పడవలో. గుంటూరులో నాతో ఇంజనీరింగ్ చదివినవాడిది ఆ 40 అడుగుల తెరచాప పడవ. వాడూ, వాడి భార్య, అంటే మా వదినా దాంట్లోనే కాపురం ఉంటున్నారు. మాతో చదివిన ఇంకో క్లాస్‌మేటూ నేనూ లంబోక్ దీవిలో ఎక్కాం. మే నుంచి అక్టోబరు దాకా అటువైపు వానలు తక్కువ, ఆగ్నేయం గాలి నిలకడగా ఉంటుంది. మెల్లగా దీవి దీవికీ ఆగుతూ కొమోడో దాకా వెళ్లాలని అనుకున్నాం.

ఆ మూడు వారాలూ నా జీవితంలో మంచి రోజులు. ఆ మాట దాచిపెట్టను. నలుగురికి 300 లీటర్ల మంచినీళ్లు. గిన్నెలు సముద్రం నీళ్లతో తోమి చివర ఒక్క గ్లాసుడు మంచినీళ్లతో తొలిచేవాళ్లం. స్నానం సముద్రంలో, ఆ పైన ఒంటి మీద ఉప్పు పోవడానికి ఒక మగ్గు. పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒరగకుండా స్టవ్‌ని ఇరుసు మీద వేలాడదీసి ఉంచుతారు. దాని మీద చారు కాచుకుని, నాన్న కట్టిచ్చిన గోంగూర పచ్చడితో అన్నం తింటూ కూర్చుంటే ఎదురుగా తంబోరా కనిపించేది. 1815లో పేలిన అగ్నిపర్వతం అదే. సతోందా కూడా ఒకప్పటి అగ్నిపర్వతమే. దాని నోట్లో ఇప్పుడు ఉప్పునీటి సరస్సు ఉంది. ఆ పొద్దున ఆ సరస్సు చూసి వచ్చాం.

అక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఇక్కడ పన్నెండు. పై వాటా పిన్నిగారి అమ్మాయి నుంచి మెసేజ్. "అక్కా, బుడమేరు వచ్చేసింది. నీళ్లు మీ గేటు దాటాయి. తాతయ్యని నాన్న పైకి తీసుకొస్తున్నారు."

నాన్నకి 72 ఏళ్లు. మోకాళ్లు వంగవు. బాబాయిగారూ, ఎదురింటి తమ్ముళ్లిద్దరూ ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా మోసుకెళ్లారట. ఆ మెట్లు ఎంత ఇరుకో నాకు తెలుసు. నాన్న ఎంత బరువో కూడా తెలుసు. మీ కింది సామానంతా మునుగుతున్న టైములో మీరు ముందు ఎత్తింది మా నాన్నని.

ఆ అమ్మాయి చేసిన ఇంకో పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కరెంటు లేదు. ఫోన్ ఆపేసి ఉంచి, రెండు గంటలకోసారి ఆన్ చేసి, సిగ్నల్ దొరికినప్పుడల్లా నాకు మెట్ల లెక్క పంపింది. "నాలుగో మెట్టు మునిగింది. తాతయ్య పులిహోర తిన్నారు." "ఆరో మెట్టు. పడుకున్నారు." "ఆరో మెట్టే, పెరగలేదు." కంగారు పడొద్దని ఒక్కసారి కూడా రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాసింది. పడవలో మేం కూడా గంటగంటకీ లాగ్‌బుక్‌లో గాలి ఎంత, ఎక్కడున్నాం అని రాసేవాళ్లం. ఆ రాత్రి మా క్లాస్‌మేట్ అదే పేజీలో, పక్కనే, మా ఇంటి మెట్లు కూడా రాసింది.

నా భయమంతా ఇన్సులిన్ గురించి. ఫ్రిజ్ నీళ్లలో ఉంది. ఫార్మసీ చదువుతున్న ఆ పిల్లే, వాడుతున్న సీసా ఎండ తగలకుండా ఉంటే నాలుగు వారాలు బయట ఉన్నా ఫర్వాలేదని చెప్పి, కొత్త సీసాలని కవర్లో చుట్టి తడిగుడ్డ కప్పిన మట్టికుండలో పెట్టింది. నాన్నకి ఒక్క డోసు కూడా తప్పలేదు.

ఇక పడవ సంగతి. దగ్గర్లో విమానం దొరికే ఊరు బీమా. సముద్రం మీద దాదాపు 120 కిలోమీటర్లు, మా వేగానికి 12 గంటలు. రాత్రిపూట నడపకూడదని మొదటి రోజే నియమం పెట్టుకున్నాం. ఆ నీళ్లలో జాలర్లు చేపల కోసం లంగరేసి వదిలిన వెదురు తెప్పలు ఉంటాయి, రొంపోన్ అంటారు. చాలావాటికి దీపం ఉండదు. పైగా అది పోలాల అమావాస్య ముందు రాత్రి, చుక్కల వెలుగు తప్ప ఏమీ లేదు. నేను అడగనే లేదు. వాడు లంగరు ఎత్తడం మొదలుపెట్టాడు. వదిన రాత్రంతా చుక్కాని దగ్గర వాడితో వంతులేసుకుంది. మా క్లాస్‌మేట్ నడుముకి తాడు కట్టుకుని పడవ ముక్కు మీద టార్చితో కూర్చుంది. నన్ను ఒక్క వంతు కూడా తీసుకోనివ్వలేదు. రెండు తెప్పల్ని ఆఖరి నిమిషంలో తప్పించారు. తెల్లారేసరికి బీమా రేవు. డింగీ అనే చిన్న పడవలో ఒడ్డుకి దింపి, నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక మా క్లాస్‌మేట్ తన సెలవు వదులుకుని చెన్నై దాకా వచ్చింది.

ఇక్కడ అప్పటికే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఐతవరం దగ్గర హైదరాబాద్ రోడ్డు మునిగింది, కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అందుకే చెన్నై నుంచి బస్సులో వచ్చాను. నేను 4వ తేదీ రాత్రి దిగేటప్పటికి నాన్న పటమటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నారు. ముందు రోజు నాటు పడవలో వచ్చిన జాలరి అన్నలు మా మెట్ల దగ్గరికే పడవ ఆనించి, ఆయన్నీ ఇంకో ఇద్దరు ముసలివాళ్లనీ ఎక్కించుకుని ఫ్లైఓవర్ దగ్గర దింపారట. డబ్బులిస్తే తీసుకోలేదట. అన్నా, మీ పేర్లు నాన్న అడగడం మర్చిపోయారు, అప్పటినుంచీ బాధపడుతున్నారు. ఇది మీలో ఎవరికైనా చేరితే ఒక్కసారి ఇంటికి రండి.

వేరే ఊళ్ల నుంచి వచ్చి మోకాలిలోతు బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకి, ఫైరింజన్ పైపుతో మా హాలు కడిగిన సిబ్బందికి, నేను ఇల్లు శుభ్రం చేసిన పది రోజులూ మధ్యాహ్నం భోజనం పంపిన వెనక వీధి వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. మూత మీద పేరు చెక్కించారు గానీ అరిగిపోయి చదవడానికి రావట్లేదు. ఎవరిదో చెప్పండి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని నాన్న రోజూ పొద్దున అడుగుతున్నారు, ఈ ఆదివారం గారెలూ పాయసం పెట్టి తెచ్చిస్తాను.